ఫొటో స్టూడియోకు ఏడాదిలో ఎన్ని నెలలు?

మండల కేంద్రంలో స్టూడియో పెట్టాలని ఉందని, చేతిలో మూడు లక్షల రూపాయలు ఉన్నాయని, ప్రైవేటు ఉద్యోగం మానేసి వస్తే ఏడాది పొడవునా పని దొరుకుతుందా, ఖర్చులన్నీ పోను నెలకు ఎంత మిగులుతుందని మీరు అడిగారు. నేను కోనసీమలో, అమలాపురానికి దగ్గరలోని ఒక చిన్న పట్టణంలో 2004 నుంచి స్టూడియో నడుపుతున్నాను. 36 ఫొటోల రీలు వేసుకుని, ఒక్కొక్క క్లిక్కుకు ఖరీదు కట్టుకున్న రోజుల్లో మొదలుపెట్టినవాడిని కనుక, ఈ వృత్తిలో మారినవీ మారనివీ రెండూ చూశాను. సూటిగా చెప్పాలంటే పని ఏడాది పొడవునా ఉంటుంది, డబ్బు మాత్రం యాభై అరవై రోజుల్లోనే వస్తుంది. అద్దె, కరెంటు బిల్లు, కుర్రాడి జీతం, బ్యాంకు వాయిదా పన్నెండు నెలలూ కట్టాలి. ఈ రెండింటి మధ్య దూరాన్ని ఎలా దాటాలన్నదే స్టూడియో నడపడం. ఏ కెమెరా కొనాలన్న ప్రశ్న దాని తరువాతిదే.

మా లెక్కల సంవత్సరం జనవరితోనూ ఏప్రిల్‌తోనూ మొదలు కాదు, ఉగాదికి ముందు కొత్త పంచాంగం చేతికి వచ్చిన రోజున మొదలవుతుంది. ఆ రోజు నేను మా పురోహితుడి దగ్గర కూర్చుని, గట్టి ముహూర్తాలు ఏవో, పేరుకు మాత్రమే ఉన్నవి ఏవో అడిగి, డైరీలో ఎర్ర సిరాతో రాసుకుంటాను. మాఘం, ఫాల్గుణం, చైత్రంలో కొంత, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తికం, మార్గశిరం మాకు తిండి పెట్టే నెలలు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పూర్తిగా ఖాళీ, ఆశ్వయుజం చాలావరకు ఖాళీ. మార్గశిరంలోనూ డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలైతే ముహూర్తాలు ఆగిపోతాయి. ఒక మామూలు సంవత్సరంలో నా డైరీలో ఎర్ర సిరా పడే రోజులు యాభైకి అటూ ఇటూగా ఉంటాయి.

అన్ని సంవత్సరాలూ మామూలువి కావు. గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి కంటికి కనపడకుండా పోయిన కాలాన్ని మూఢం అంటారు, ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చేయరు. ఇది కాక ముప్ఫై రెండు, ముప్ఫై మూడు నెలలకు ఒకసారి అధిక మాసం వస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చి, జూలై మూడో వారం నుంచి ఆగస్టు మధ్య వరకు మా చేతులు కట్టేసింది. 2024 ఇంకా కష్టంగా గడిచింది. ఏప్రిల్ చివరి వారం తరువాత మూఢం పట్టుకుంది, అది వదిలేలోపు ఆషాఢం వచ్చింది, మళ్ళీ మంగళవాద్యాలు వినిపించింది ఆగస్టులో శ్రావణం ప్రవేశించాకనే. వేసవి సెలవుల్లో, అంటే సాధారణంగా మేము ఏడాది సంపాదనలో పెద్ద భాగాన్ని కూడబెట్టే మే నెలలో, ఆ సంవత్సరం నేను ఒక్క హిందూ వివాహానికి కూడా వెళ్ళలేదు. ఆ ముందటి దసరాకు కొత్త కెమెరాను వాయిదాలపై కొన్న మిత్రుడొకరు ఆ జూన్‌లో దానిని సగానికి సగం ధరకు అమ్ముకున్నాడు. అతని పనితనంలో లోపం లేదు, పంచాంగం చూడకుండా అప్పు చేయడమే అతని పొరపాటు. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం ఉందని తెలిసినవాడు ఆ వేసవిని నమ్ముకుని వాయిదా కట్టే ఒప్పందం చేసుకోడు. ఇది జ్యోతిషంపై నమ్మకానికి సంబంధించిన మాట కాదు. మన ఖాతాదారులు నమ్ముతారు, మన ఆదాయం వారి చేతుల్లో ఉంది.

కొత్తవారికి తోచని ఇబ్బంది మరొకటి ఉంది. గట్టి ముహూర్తం ఉన్న రోజున మా చుట్టుపక్కల పది పెళ్ళిళ్ళు జరుగుతాయి, నేను ఒక్కదానికే వెళ్ళగలను. ఆ తరువాతి పది రోజులు ఎవరికీ నాతో పని ఉండదు. దుకాణదారు సరుకు నిల్వ చేసుకుని గిరాకీ వచ్చిన రోజు అమ్ముకోగలడు, మనం రోజును నిల్వ చేసుకోలేము. అందుకే చాలామంది ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకుని, రెండోదానికి మరొక బృందాన్ని పంపిస్తారు. నేనూ అలా చేశాను, ఇప్పుడు మానేశాను. మిమ్మల్ని చూసి పని ఇచ్చిన ఇంట్లో మరెవరో కెమెరా పట్టుకుని నిలబడితే, ఫొటోలు ఎంత బాగా వచ్చినా వారికి ఏదో లోటుగానే కనపడుతుంది. రెండో పెళ్ళిని నమ్మకమైన తోటి ఫొటోగ్రాఫర్‌కు అప్పగించి, అతని ద్వారా మరో రోజు పని పొందడం మేలు. మా ప్రాంతంలో ఆడపెళ్ళివారు ఒక ఫొటోగ్రాఫర్‌ను, మగపెళ్ళివారు ఇంకొకరిని పెట్టుకోవడం మామూలే కనుక, జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన ఒకరి భుజం ఒకరి ఫ్రేములో పడకుండా సర్దుకునే స్నేహం ఎలాగూ అవసరం.

మాఘం నుంచి జ్యేష్ఠం వరకు మా జీవితానికి రాత్రి పగలు తేడా ఉండదు. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు ఉంటే, సాయంత్రం పెళ్ళికూతురి గౌరీ పూజకు ముందే చేరుకోవాలి, తెల్లవారి అప్పగింతల దాకా నిలబడాలి. ఉక్కపోతలో చెమట కళ్ళలోకి కారుతూ ఉంటే ఫోకస్ చూసుకోవాలి. మాంగల్యధారణ వేళ అక్షింతల వాన మొదలయ్యేసరికి కుటుంబ సభ్యులందరూ సెల్‌ఫోన్లు ఎత్తి ముందుకు వస్తారు. అప్పుడు వారిని విసుక్కోకుండా పక్కకు జరిపే నేర్పు లెన్సు కన్నా విలువైనది. తలంబ్రాల వద్ద నవ్వులు, బిందెలో ఉంగరం తీసేటప్పటి పోటీ, అరుంధతి నక్షత్రం చూపించేటప్పుడు పెళ్ళికూతురి తండ్రి ముఖం ఎక్కడ ఉంటాయో తెలియాలంటే పెళ్ళి తంతు క్రమం కంఠతా వచ్చి ఉండాలి. పురోహితుడు తరువాత ఏ మంత్రం ఎత్తుకుంటాడో తెలిసిన ఫొటోగ్రాఫర్ పరుగెత్తనక్కర లేదు.

ఒక్క పెళ్ళికి వచ్చే ఫైళ్ళ బరువు మీరు ఊహించి ఉండరు. నేను తీసే రెండు వేల ఫొటోలు, పోజులు పెట్టించకుండా సహజంగా తీసే క్యాండిడ్ ఫొటోగ్రాఫర్ తీసే రెండున్నర వేలు కలిపి, ఒక్కొక్క రా ఫైలు, అంటే కుదించని అసలు ఫొటో ఫైలు, 25 ఎంబీ చొప్పున 110 జీబీ దాటుతుంది. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు మూడేసి గంటలు నడిస్తే అదొక 270 జీబీ. ఏడాదికి 22 పెళ్ళిళ్ళు చేసేవాడికి ఎనిమిది టెరాబైట్లు దాటిపోతుంది, ప్రతిదీ రెండు డిస్కుల్లో ఉంచాలి కనుక దానికి రెట్టింపు కొనాలి. ఈ ఖర్చు దండగ అనుకున్న రోజులు నాకూ ఉన్నాయి. 2011లో ఒక పెళ్ళిలో, ఒకే మెమరీ కార్డు పట్టే కెమెరాతో తీస్తూ ఉండగా తలంబ్రాలు పూర్తయ్యాక కార్డు తెరుచుకోవడం మానేసింది. రికవరీ సాఫ్ట్‌వేరుతో మూడింట రెండు వంతులు బయటకు తీయగలిగాను, మాంగల్యధారణ మాత్రం దొరకలేదు. ఆ ఇంటి పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, మిగతా డబ్బు కూడా ఇవ్వబోయారు. నేను తీసుకోలేదు. ఆ మరుసటి నెలలోనే రెండు కార్డుల్లో ఏకకాలంలో రాసే కెమెరా కొన్నాను. రెండు స్లాట్లు లేని కెమెరాతో పెళ్ళికి వెళ్ళవద్దని చెప్పడానికి నాకు ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

ఇప్పుడు డబ్బు లెక్క. మా వద్ద మధ్యతరగతి ఇంటి పెళ్ళికి, పెళ్ళి, రిసెప్షన్ కలిపి రెండు రోజులకు, 85 వేల రూపాయలు మాట్లాడుకున్నామనుకుందాం. ఊళ్ళో అందరికీ ఈ 85 వేలు కనిపిస్తాయి. క్యాండిడ్ ఫొటోగ్రాఫర్‌కు 12 వేలు, సినిమాటిక్ వీడియో తీసే అతనికి 12 వేలు, మామూలు వీడియోకు 5 వేలు, డ్రోన్‌కు 6 వేలు పోతాయి. 12×36 సైజులో రెండు కరిజ్మా ఆల్బంల (ఫొటోలను పేజీలుగా డిజైను చేసి అచ్చు వేసే ఆల్బంల) డిజైనుకూ ప్రింటుకూ కలిపి 16 వేలు, వీడియో మిక్సింగుకు, అంటే ఎడిటింగుకు, 9 వేలు, కారు, దారి ఖర్చులు, పెన్‌డ్రైవులు, చిల్లర ఖర్చులు కలిపి 4 వేలు అవుతాయి. మొత్తం 64 వేలు. మిగిలినవి 21 వేలు. అందులోనే నా రెండు రోజుల నిద్ర లేని పని, నా కెమెరా అరుగుదల, ఆ తరువాత మూడు నెలల పాటు ఆల్బం కోసం వచ్చే ఫోన్లు అన్నీ ఉన్నాయి. మీ ఊరి ధరలు వేరుగా ఉండవచ్చు, నిష్పత్తి మాత్రం దాదాపు ఇలాగే ఉంటుంది. క్యాండిడ్ పనీ, ఆల్బం డిజైనూ మీరే నేర్చుకుంటే మిగులు పెరుగుతుంది. మా ఇంట్లో ఆల్బం డిజైను మా ఆవిడ చేస్తుంది. నేను బయట పనుల్లో ఉన్నప్పుడు కౌంటరు చూసేది కూడా ఆమే. ఆ పనికి జీతం లెక్క కట్టి ఉంటే ఈ వ్యాపారం ఇంత లాభసాటిగా కనిపించేది కాదని ఒప్పుకోవాలి.

ఆ 21 వేలైనా చేతికి ఎప్పుడు వస్తాయన్నది ఇంకొక కథ. పెళ్ళయిన మరునాడు ఆ ఇంట్లో వంటవారు, షామియానా వారు, డెకరేషన్ వారు, బ్యాండు వారు వరుసగా నిలబడి ఉంటారు. వారి పని అప్పటికే అయిపోయింది కనుక డబ్బు ఇవ్వక తప్పదు. మన ఆల్బం ఇంకా రావలసి ఉంది కనుక మనం వరుసలో ఆఖరివారం. ఆల్బంకు ఫొటోలు ఎంచి ఇవ్వండి అంటే అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిపోయాడంటారు, సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తారంటారు. ఎంపిక జరగకపోతే ఆల్బం లేదు, ఆల్బం లేకపోతే బాకీ వసూలు లేదు. చాలాకాలం దెబ్బలు తిన్న తరువాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. తేదీ ఖాయం చేసుకునేటప్పుడు 30 శాతం, పెళ్ళికూతురిని చేసే రోజున 50 శాతం, ఫొటోల ఎంపిక పూర్తయ్యాక 10 శాతం, ఆల్బం అందించేటప్పుడు 10 శాతం. రెండో వాయిదాను పెళ్ళిరోజున అడగకూడదు. మంటపం దగ్గర డబ్బు మాట ఎత్తడం మర్యాద కాదు, ఎత్తినా పనికాదు. పెళ్ళికూతురిని చేసే రోజు ఇంట్లో ఇంకా కాస్త తీరిక ఉంటుంది, నగదు కూడా ఉంటుంది. అలాగే, పెళ్ళయిన 90 రోజుల్లోగా ఫొటోలు ఎంచి ఇవ్వకపోతే మేమే ఎంచి ఆల్బం వేస్తామని రసీదు వెనుక అచ్చు వేయించాను. ఈ ఒక్క వాక్యం వల్ల నా పాత బాకీలు సగానికి తగ్గాయి.

ఆషాఢం వచ్చిందంటే బయటివారు మాకు సెలవులనుకుంటారు. వేసవిలో తీసిన పెళ్ళిళ్ళన్నీ అప్పటికి కంప్యూటరులో మూలుగుతూ ఉంటాయి. ఆల్బం పని, వీడియోల పని ఆ నెలలోనే తెమలాలి, లేకపోతే శ్రావణంలో పాత పని మీద కొత్త పని పడుతుంది. మా కోనసీమలో అప్పటికి వానలు పట్టి గాలిలో తేమ పెరిగి, లెన్సుల లోపల సాలెగూడు లాంటి బూజు పుడుతుంది. ఒకసారి పుట్టిన బూజును తీయించినా లెన్సు పై పూత మునుపటిలా ఉండదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, దాని రంగు మారినప్పుడల్లా వేడిచేసి తిరిగి వాడుకోవచ్చు. స్తోమత ఉంటే తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలిపే డ్రై క్యాబినెట్ కొనండి. వాడకుండా సంచిలో దాచిన లెన్సే ముందు పాడవుతుందని గుర్తుంచుకోండి. ప్రింటరుది కూడా అదే స్వభావం. ఇంక్‌ట్యాంక్ ప్రింటరును వారం రోజులు ఊరికే ఉంచితే హెడ్ పూడుకుపోతుంది కనుక, గిరాకీ లేని రోజున కూడా ఒక రంగుల కాగితం తీసి చూసుకోవాలి.

ఈ ఖాళీ నెలల్లో స్టూడియోను నిలబెట్టేది కౌంటరు. కొత్తగా వస్తున్న కుర్రవాళ్ళు దీనిని చిన్నచూపు చూస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి పాస్‌పోర్టు ఫొటో పనికిరాదు కదా. ఆ ఫొటోయే నా అద్దె కడుతోంది. 4×6 అంగుళాల కాగితంపై మూడున్నర, నాలుగున్నర సెంటీమీటర్ల ఫొటోలు సరిగ్గా ఎనిమిది పడతాయి, కాగితం, సిరా కలిపి ఖర్చు పది, పదిహేను రూపాయలకు మించదు. పాస్‌పోర్టు కార్యాలయంలో పెద్దవారి ఫొటో వారే తీస్తారు కానీ, నాలుగేళ్ళ లోపు పిల్లలకు తెల్లని నేపథ్యంలో తీసిన ఫొటో మనం ఇచ్చి పంపాలి. ఏడుస్తున్న ఏడాది బిడ్డను కళ్ళు తెరిచి, నోరు మూసి, నేరుగా చూసేలా తీయడం పెళ్ళి ఫొటో కన్నా కష్టమైన పని. అమెరికా వీసాకు రెండు అంగుళాల చతురస్రం కావాలి. 2016 నవంబరు నుంచి అందులో కళ్ళజోడు ఉండకూడదు. ఈ సంగతి తెలియని స్టూడియోలో తీయించుకుని, మళ్ళీ మా దగ్గరకు వచ్చినవారు ఎందరో. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీట్ రాసే పిల్లలు పాస్‌పోర్టు సైజుతో పాటు 4×6 పోస్టుకార్డు సైజు అడుగుతారు. ఉద్యోగాల దరఖాస్తులకు 20 నుంచి 50 కేబీ లోపు ఫైలు కావాలంటారు. ఈ కొలతలన్నీ ఒక కాగితంపై రాసి గోడకు అంటించి, తాజాగా ఉంచుకున్న స్టూడియోకే ఇంటర్నెట్ సెంటర్ల వారు జనాన్ని పంపుతారు. మా ప్రాంతం నుంచి కువైట్, దుబాయ్ వంటి చోట్లకు పనికి వెళ్ళేవారు ఎక్కువ కనుక, ఆ ఫొటోలు కూడా నెల నెలా ఉంటాయి. ఒక కోటు, రెండు టైలు, ఒక చున్నీ, దువ్వెన, మంచి అద్దం సిద్ధంగా ఉంచండి. ఆ కోటు నాకు పదేళ్ళుగా జీతం తీసుకోకుండా పనిచేస్తోంది.

కౌంటరు పనుల్లో ఒకదాని గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. ఏడాదిలో ఏ నెలైనా, ముహూర్తం ఉన్నా లేకపోయినా, ఎవరో ఒకరు తెల్లవారుజామున షట్టరు కొడతారు. వారి చేతిలో ఒక పాత గ్రూపు ఫొటో ఉంటుంది, లేదా ఆధార్ కార్డు ఉంటుంది. ఇంట్లో పెద్దవారు పోయారు, సాయంత్రానికి ఫ్లెక్సీకి ఫొటో కావాలి, పెద్దకర్మ నాటికి 12×18 ఫ్రేము కావాలి. మనిషి బతికి ఉన్నంతకాలం ఒక్క మంచి ఫొటో తీయించలేదన్న బాధ వారి ముఖంలో ఉంటుంది. ఎవరి పెళ్ళిలోనో వెనుక వరుసలో నిలబడిన ముఖాన్ని విడదీసి, మసకను సరిచేసి, చొక్కా మడతలు దిద్ది, వెనుక నీలిరంగు వేసి ఇస్తాము. ఈ మధ్య ఏఐ ఉపకరణాలు నిమిషంలో ఆ ముఖాన్ని తేటగా చేసి చూపిస్తున్నాయి కానీ, అవి కళ్ళనూ పెదవులనూ తమ ఇష్టానికి గీసేసి, చూడచక్కని మరొక మనిషిని తయారుచేస్తాయి. కూతురు ఆ ఫొటో చూసి, మా నాన్న ఇలా ఉండడండీ అన్నప్పుడు నేను సిగ్గుపడ్డాను. అప్పటినుంచి ముఖం జోలికి వాటిని రానివ్వకుండా, కాగితం మరకలకూ గీతలకూ మాత్రమే వాడుతున్నాను. ఈ పనికి నేను ముందుగా డబ్బు అడగను, బేరమాడను, ఆలస్యం చేయను. ఆ ఇంటివారు మరుసటి ఏడాది గృహప్రవేశానికో ఓణీల వేడుకకో నన్ను తప్ప మరొకరిని పిలవరు. వ్యాపార దృష్టితో చెప్పినా ఇంతకన్నా మంచి ప్రచారం నేను ఎరగను.

శ్రావణంలో మళ్ళీ పెళ్ళిళ్ళు వస్తాయి, వేసవి అంత ఒత్తిడి ఉండదు. ఆగస్టు 19న, 1839లో ఫ్రాన్సు ప్రభుత్వం డాగెర్ కనుగొన్న ఫొటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడించిన రోజున, మా సంఘం వారందరం కలిసి ఆయన చిత్రపటానికి పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, భోజనాలు చేస్తాము. పారిస్‌లో బతికిన ఆ మనిషికి మన మండల కేంద్రాల్లో ఏటా దండ పడుతుందని ఆయన ఊహించి ఉండడు. భాద్రపదంలో వినాయక మంటపాల వీడియోలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. దసరాకు కెమెరాలన్నీ బల్లపై పెట్టి ఆయుధ పూజ చేస్తాము, అదే రోజున కొత్త పరికరం కొనాలన్న మోజు పుడుతుంది. ఆ మోజును కార్తికం అయ్యేదాకా ఆపుకోగలిగితే మంచిది. హిందువుల ముహూర్తాలు లేని నెలల్లో క్రైస్తవుల పెళ్ళిళ్ళు ఆదుకుంటాయి. వారిలోనూ చాలామంది ఈస్టరుకు ముందటి శ్రమల దినాల్లో పెళ్ళి పెట్టుకోరు. ముస్లింలలో చాలామంది మొహర్రంలో పెట్టుకోరు. కనుక డైరీలో మూడు మతాల క్యాలెండర్లూ ఉండాలి. చర్చిలో ఎక్కడ నిలబడవచ్చో, ప్రార్థన వేళ ఫ్లాషు ఎప్పుడు ఆపాలో తెలిసినవాడిని పాస్టరు గారే మరో నలుగురికి చెబుతారు.

పుష్యంలో పెళ్ళిళ్ళు లేకపోయినా మాకు సంక్రాంతి ఉంది. హైదరాబాదు, బెంగళూరు, గల్ఫ్, అమెరికాల నుంచి పిల్లలు వచ్చి, మూడు తరాలు ఒకే పెంకుటింటి అరుగు మీద కూర్చునేది ఆ నాలుగు రోజులే. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది, దానికి వచ్చిన బంధువులతో ఇళ్ళు నిండిపోతాయి. నేను ఆ నాలుగు రోజుల్లో ఇంటికి వెళ్ళి కుటుంబ ఫొటో తీసి, మరునాటికి ఫ్రేము కట్టించి ఇస్తాను. ఒక ఇంటికి గంట చాలు, కూలి మనుషులు అక్కరలేదు, డబ్బు అక్కడికక్కడే ఇస్తారు. ఒక మంచి సంక్రాంతి రెండు పెళ్ళిళ్ళ మిగులుకు సమానం. ఇదే కాలంలో మా కాలువ గట్లకూ కొబ్బరి తోటలకూ బయటి ఊళ్ళ నుంచి ప్రీ వెడ్డింగ్ షూటింగులకు వస్తారు. వారికి పడవ, తోట యజమాని అనుమతి, బట్టలు మార్చుకోవడానికి గది ఏర్పాటుచేసి పెట్టడం ద్వారా కూడా కొంత వస్తుంది. ఆ తరువాత పదో తరగతి, ఇంటర్ పిల్లల గ్రూపు ఫొటోలు. అవి పూర్తయ్యేలోపు మాఘం వచ్చేస్తుంది.

మొత్తం కూడితే, నా పుస్తకం ప్రకారం ఒక మామూలు సంవత్సరంలో 22 పెళ్ళిళ్ళ మీద 4 లక్షల 62 వేలు, ముప్ఫై చిన్న శుభకార్యాల మీద ఒక్కొక్కటికి 5 వేల చొప్పున లక్షా 50 వేలు, కౌంటరు మీద నెలకు 14 వేల చొప్పున లక్షా 68 వేలు, వెరసి 7 లక్షల 80 వేలు మిగులుతుంది. ఇందులోంచి అద్దె 96 వేలు, కరెంటు 42 వేలు, కుర్రాడి జీతం లక్షా 44 వేలు, హార్డ్‌డిస్కులు, మరమ్మతులు, ఇన్సూరెన్సు, సాఫ్ట్‌వేరు 70 వేలు తీసేస్తే 4 లక్షల 28 వేలు. అంటే నెలకు 36 వేలకు కాస్త తక్కువ. కెమెరా సంగతి కూడా ఇందులోనే చూసుకోవాలి. పెళ్ళికి రెండు వేలు, చిన్న కార్యానికి ఐదు వందలు చొప్పున ఏడాదికి 59 వేల క్లిక్కులు పడతాయి, చాలా కెమెరాల షట్టరు ఒకటిన్నర నుంచి రెండు లక్షల క్లిక్కుల కోసం తయారైనది కనుక రెండున్నరేళ్ళు దాటాక అది ఎప్పుడైనా చెయ్యివ్వవచ్చు. ఇదంతా ఇరవై ఏళ్ళ పరిచయాలున్న స్టూడియో లెక్క. మొదటి రెండేళ్ళలో మీరు ఇందులో మూడో వంతు ఆశించినా అది పెద్ద ఆశే.

నియమాల విషయంలో మూడు మాటలు చాలు. ఏడాది రాబడి 20 లక్షలు దాటే దాకా సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, ఇక్కడ చూసేది మిగులును కాదు, ఖాతాదారు ఇచ్చిన మొత్తాన్ని. డ్రోన్ బరువు 250 గ్రాములు దాటి, దానిని డబ్బు కోసం ఎగరేస్తే 2021 నిబంధనల ప్రకారం పైలట్ సర్టిఫికెట్ ఉండాలి కనుక, సొంత డ్రోన్ కొనకుండా సర్టిఫికెట్ ఉన్నవాడినే పిలవండి. మూడోది, డబ్బు తీసుకుని తీసిన పెళ్ళి ఫొటోల మీద, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు తీయించుకున్నవారిదే. పెళ్ళికూతురి ఫొటోను మీ పేజీలో పెట్టుకోవాలంటే రసీదులోనే అనుమతి తీసుకోండి. ఈ విషయంలో మొహమాటపడి తరువాత తగాదా పడినవారు మా జిల్లాలోనే ఉన్నారు.

మీ మూడు లక్షలకు వస్తాను. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకం కింద హామీ లేకుండా ఐదు లక్షల దాకా అప్పు తేలికగానే వస్తుందని బ్యాంకులో చెబుతారు. ఆ వాయిదా ఆషాఢంలోనూ పుష్యంలోనూ కట్టాలి కనుక మొదటి ఏడాది దాని జోలికి వెళ్ళకండి. రెండు కార్డులు పట్టే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో, 24-70 లెన్సు, 85 ఎంఎం లెన్సు, రెండు ఫ్లాషులు కలిపి లక్షా 40 వేలలో చూసుకోండి. కంప్యూటరు, ప్రింటరు, లైట్లు, తెర 80 వేలు, గది అడ్వాన్సు 20 వేలు. మిగిలిన 60 వేలను తాకకండి, అద్దె, కరెంటు కలిపి నెలకు ఏడున్నర వేలయితే అవి ఎనిమిది నెలలు నిలబెడతాయి. ఉద్యోగం ఇప్పుడే మానకండి. వచ్చే మాఘం నుంచి జ్యేష్ఠం వరకు సెలవు రోజుల్లో ఎవరైనా పాత ఫొటోగ్రాఫర్ వెంట సహాయకుడిగా తిరగండి, డబ్బు ఇవ్వకపోయినా తిరగండి. ఆ ఐదు నెలల తరువాత కూడా ఉత్సాహం మిగిలి ఉంటే, ఆషాఢంలోనే షట్టరు ఎత్తండి. శుభమా అశుభమా అని ఇంట్లో వారు అంటారు, ముందు నెలలో మంచిరోజు చూసి పాలు పొంగించి ఉంచుకుంటే సరిపోతుంది. ఖాళీ నెలలో మొదలుపెట్టినవాడికి కౌంటరు విలువ మొదటి వారంలోనే తెలుస్తుంది. గదిని మాత్రం కల్యాణమంటపం పక్కన కాకుండా, తహసీల్దారు కార్యాలయానికో ఇంటర్నెట్ సెంటర్లు ఉన్న వీధికో దగ్గరగా, మెట్లు ఎక్కనక్కర లేకుండా కింది అంతస్తులో చూసుకోండి. పింఛను ఫొటోకు వచ్చే ముసలమ్మ మెట్లు ఎక్కలేదు.